ఊపిరి లేని వాంగ్మూలం

ముందు నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోయాలి. కళ్ళజోడు తుడిచి పెట్టెలో పెట్టాలి. మఫ్లరు మడిచి అన్నిటికన్నా పైన ఉంచాలి, అడుగున పెడితే ఆయన సంచీ అంతా తిరగేసేస్తారు. ఆరోజు చదవాల్సిన పుస్తకంలో గుర్తు సరైన చోట ఉందో లేదో చూడాలి. ఇన్‌హేలర్ ఊపి, గాలిలోకి ఒక్కసారి నొక్కి చూసి, సంచీ ముందు జేబులో వేసి జిప్పు లాగాలి. ఆయన గడప దాటుతున్నప్పుడు, "ముందు జేబులో ఉంది మావయ్యా" అని పైకి చెప్పాలి.

"ఇవి నేను రోజూ చేసే పనులు. ఆరోజూ చేశాను. ఒక్కటి కూడా మానలేదు," అంది ఆమె. లెక్కపెట్టడానికి ముడిచిన వేళ్ళను విప్పడం కూడా మరిచిపోయింది.

అది టైలరు దుకాణం పైన ఉన్న ఒంటిగది ఆఫీసు. కింద కుట్టుమిషన్లు గొడవపడుతున్న తోడికోడళ్ళలా ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి. డిటెక్టివ్ బల్ల మీది టీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన్ని ఊళ్ళో అందరూ నిదానంగారు అంటారు. ఆయన తాగే టీ ఎప్పుడూ చల్లారిందే. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి ఈ నిదానానికి సరిగ్గా ఎదురు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెబుతుంది, అందుకే ఆయన ఆమెకు తొందరమ్మ అని పేరు పెట్టారు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఉద్యోగం చూసుకోవే అని తల్లి పోరుతున్నా, ఈయన దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఉందని ఇక్కడే ఉండిపోయింది.

"మొన్న మధ్యాహ్నం మీ మామగారు స్టూడియోలో పోయారు. ఆస్తమా. చేతిలో ఖాళీ ఇన్‌హేలర్ ఉంది. అంతేనా?" అన్నారు నిదానంగారు.

"అంతే అయితే మీ దగ్గరకు ఎందుకొస్తానండీ? ఆయన ఫోనునుంచి మా ఆయన ఫోనుకు ఒక రికార్డింగు వచ్చింది. మా ఆయన అది విని చుట్టాలందరికీ పంపేశారు. మా అమ్మకు కూడా."

ఆమె తన ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. నిండైన, తేటైన, ముసలి గొంతు గదిలోకి వచ్చింది.

"కోడలు పెట్టిన మందులో మందు లేదు. తెలిసే పెట్టింది. నా చావుకు కారణం ఆమే. ఈ మాట నిజం."

 ఆ గొంతు తొందరమ్మకూ తెలుసు. చూపులేనివారి కోసం ఎన్నో ఏళ్ళుగా పుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తున్న పెద్దాయనది అది. చూపున్నవాళ్ళు కూడా పనులు చేసుకుంటూ ఆ పుస్తకాలు వింటారు. ఊరంతా ఆయన్ని గొంతు తాతగారు అంటారు. అలాంటి గొంతు చనిపోతూ ఒకరి మీద వేలు చూపిస్తే ఇక కాదనేవాళ్ళెవరు?

"గొంతు ఆయనదేనా?"

"ఆయనదే. అదే కదా నా ఖర్మ! ఎస్సైగారు రేపు సాయంత్రం స్టేషనుకు రమ్మన్నారు. ఒక జత బట్టలు తెచ్చుకోమన్నారు." ఆమె ఫోనును బోర్లా తిప్పి పెట్టింది. "మా ఆయన మొన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు. నేను పోసిన నీళ్ళు తాగటం లేదండీ."

"మీ మామగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?"

"తల్లీ అని. ఎవరికైనా చెప్పాల్సొస్తే మా అమ్మాయి అనేవారు."

"కోడలు అని?"

"ఎప్పుడూ లేదు."

"ఇన్‌హేలర్‌ని?"

ఆ పరిస్థితిలోనూ ఆమె మొహంలో చిన్న నవ్వు మెరిసి ఆరిపోయింది. "పంపు అనేవారు. నా పంపు ఏది తల్లీ అని ఇల్లంతా వెతికేవారు, అది ఆయన చేతిలోనే ఉండేది."

"ఎస్సైకి చెప్పారా ఇది?"

"చెప్పాను. చచ్చేముందు మనిషి ముద్దుపేర్లు పెట్టి పిలుస్తాడా అన్నారు."

నిదానంగారు రికార్డింగును మళ్ళీ పెట్టమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. మూడోసారి కూడా విన్నారు.

"ఇందులో ఏదో లేదు తొందరమ్మా."

"ఏది లేదు సార్?"

"అదే తెలియటం లేదు. ఉన్నది వినడం తేలిక. లేనిది వినడమే కష్టం." ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. టీ అలాగే ఉంది.

*

స్టూడియో ఒక పాత మేడలో రెండో అంతస్తు. లోపల మూడు గదులు. గోడలకు మెత్తటి దిళ్ళు అంటించిన చిన్న గదిలో కూర్చుని చదువుతారు. దానికి పెద్ద అద్దం. అద్దానికి ఇవతల కంప్యూటరు, స్పీకర్లు ఉన్న గది. ఆ పక్కన పాత సామాన్లతో నిండిన ఇంకో చిన్న గది, అందులో ఒక బల్ల, దీపం, మైకు, చిన్న స్పీకరు. తప్పుపోయిన వాక్యాలను మళ్ళీ చదివించుకునేది అక్కడే.

వాళ్ళను లోపలికి తీసుకెళ్ళింది సౌండు ఇంజనీరు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, పెద్దరికం నిండిన మొహం. స్టూడియో పెట్టిన నాటినుంచీ ఉన్నాడు. ఆయన చెవికున్న పేరు వల్ల అందరూ చెవి బాబాయి అంటారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నా కుడిచెయ్యి పోయిందండీ. ఆయన చదవడం, నేను వినడం. పెళ్ళాంతో కన్నా ఆయనతోనే ఎక్కువ కాపురం చేశాను."

"ఆరోజు ఏం జరిగింది బాబాయ్?" నిదానంగారు కూడా వెంటనే వరస కలిపేశారు.

"పొద్దున చదివాడు. మధ్యాహ్నం కాస్త ఆయాసంగా ఉందన్నాడు. కూర్చో, టీ తెస్తానని కిందకు వెళ్ళాను. అక్కడ జనం, ఆలస్యమైంది. వచ్చేసరికి..." అద్దం వైపు చూపించి ఆగిపోయాడు. "ఆ కుర్చీలో. ఒక చేతిలో ఇన్‌హేలర్, పక్కన సంచీ, ఫోను."

"చదివే గదిలోకి సంచీ తీసుకెళ్ళొచ్చా?"

"పొరపాటున కూడా వీల్లేదు! సంచీ, ఫోను, గడియారం అన్నీ ఇటువైపే. జిప్పు చప్పుడు కూడా మైకు పట్టేస్తుంది. లోపలికి గొంతు తప్ప ఇంకేదీ పోకూడదన్నది మా రూలు. కానీ ఊపిరాడని మనిషి రూళ్ళు చూస్తాడా?"

"చూడడు," అని ఒప్పుకున్నారు నిదానంగారు. "మీరు కంప్యూటరు మీద పనిచేస్తారా?"

"మీటలు తెలుసు. కానీ ఈ కాలం పిల్లల్లా తెర మీద గీతలు చూసి రికార్డింగును కొయ్యను. నేను కళ్ళు మూసుకుని కోస్తాను. చెవి ఉండగా బొమ్మ ఎందుకండీ? ఆయన చదివిన ప్రతి పుస్తకం నా చెవిలో ఉంది. ఏ పుస్తకంలో ఏ మాట ఎక్కడ అన్నాడో, ఎక్కడ తడబడ్డాడో కూడా చెప్పగలను."

అప్పుడే లోపలికొచ్చింది ఎడిటరు. సన్నగా, చిన్నగా ఉన్న అమ్మాయి. ఒక్క క్షణం ఊరుకోలేదు కాబట్టి పిచ్చుక అని పేరు పడింది.

"నన్నడగడానికే వచ్చారు కదా? అడగండి. కంప్యూటరు నాది, ఆరోజు నేను ఆలస్యంగా వచ్చాను, బస్సులో ఉన్నాను, బస్సులో నన్ను చూసినవాళ్ళు ఎవరూ లేరు. తాతగారు చనిపోయేముందు రోజు నామీద కేకలేశారు కూడా. అన్నీ నేనే చెప్పేశాను, ఇంకేం మిగిలింది?"

"ఎందుకు కేకలేశారు?"

"నేను ఆయన దగ్గులన్నీ తీసేసి, ఒక దగ్గు కథలో పాత్రదని తెలీక అదీ తీసేశాను." చెబుతూనే ఆమె కళ్ళు నిండాయి. "తర్వాత ఆయనే నవ్వారు. నా దగ్గుకు కూడా నటన వచ్చు పిచ్చుకా అన్నారు."

"దగ్గులు తీసేస్తారా?"

"దగ్గులు, పెదాల చప్పుడు, పేజీ తిప్పిన చప్పుడు, అన్నీ. మాటకు ముందు లాగే ఊపిరి కూడా. ఆస్తమా మనిషి కదా, ఆయన ఊపిరి బస్సు తలుపులా వినపడేది. ముందు బాబాయి తీసేవారు, ఇప్పుడు నేను. అలవాటైపోయి, మామూలుగా మనుషులు మాట్లాడుతున్నప్పుడు కూడా ఊపిరి చప్పుడు నా చెవికి ఎక్కదు."

నిదానంగారు ఆమె వైపు అలాగే చూస్తూ నిలబడ్డారు. తొందరమ్మ మాత్రం అప్పటికి చిన్న గది గుమ్మంలో చెవి రుద్దుకుంటోంది.

"ఇక్కడేదో సన్నగా కీచుమంటోంది సార్. దోమ చెవిలో దూరినట్టు."

"ఏమీ లేదే," అన్నాడు చెవి బాబాయి. "ఎలుకలు కూడా లేవమ్మా ఇక్కడ."

"నాకూ ఏమీ వినపడటం లేదు," అన్నారు నిదానంగారు.

"హమ్మయ్య, మీకైనా వినిపించింది!" పిచ్చుక తొందరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆ దీపానికి పెట్టిన కొత్త ప్లగ్గుది. అందుకే ఈ గదిలో నేను మైకు ముట్టను. వినేవాళ్ళు కూడా కొత్త పుస్తకాల వెనక దోమ పాడుతోందని తాతగారికి ఫోన్లు చేస్తున్నారు. ఆయన ఎవరితోనో మాట్లాడతానన్నారు. మాట్లాడారో లేదో."

చెవి బాబాయి నవ్వాడు. "ఈ పిల్లకు గాలి కదిలినా పాటే."

వెళ్ళేముందు నిదానంగారు తొందరమ్మ చెవిలో ఒక మాట చెప్పారు. ఆమె ఫోను బల్ల మీద మరిచిపోయినట్టు పెట్టి, చిన్న గదిలో ఎవరూ లేనప్పుడు అక్కడి నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసి తెచ్చింది. ఏమీ లేనిదాన్ని రికార్డు చేయడం ఆమెకు అదే మొదటిసారి.

*

శబ్దాల మీద పరిశోధన చేసే ల్యాబ్ ఒక కాలేజీ వెనక భాగంలో ఉంది. దాన్ని నడిపే మేడమ్ ఎదుట పెద్ద తెర. చెప్పేది ఎవరికైనా అర్థమవ్వాలని పట్టుదల ఉన్న మనిషి ఆవిడ.

"ముందు నువ్వు ఏదో ఒకటి మాట్లాడమ్మా."

తొందరమ్మ మైకు ముందు నోరు తెరిచింది. "మా అమ్మ నన్ను పెళ్ళి చేసుకోమంటోంది. నేను వినటం లేదు."

నిదానంగారు దగ్గారు. తెర మీద బొమ్మ పడింది. తెల్లటి కాగితం మీద తడి కుంచెతో అడ్డంగా చారలు గీసినట్టు ఉంది.

"ఎడమనుంచి కుడికి కాలం. కిందనుంచి పైకి శబ్దం ఎత్తు, అంటే అడుగున బొంగురు, పైన సన్నం. ఎంత నల్లగా ఉంటే అంత గట్టి చప్పుడు," అని వేలితో చూపించింది మేడమ్. "కంప్యూటరు చేసేది ఇంతే. శబ్దాన్ని సన్నటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ ఎత్తున ఎంత చప్పుడుందో కొలిచి, పక్కపక్కన పేరుస్తుంది. ఈ చారలు నీ అచ్చులు. ఈ ఇసక చల్లినట్టున్నది 'చ' అన్నప్పటి గాలి."

"ఈ మసక ఏమిటి? మాటకు ముందు?"

"నీ ఊపిరి. రెండో వాక్యానికి ముందు మళ్ళీ తీసుకున్నావు, చూడు."

"నేను తీసుకున్నట్టు కూడా తెలీదే!"

"ఎవరికీ తెలీదు. బొమ్మకు తెలుస్తుంది."

నిదానంగారు కుర్చీలోంచి లేచారు. అంత వేగంగా ఆయన లేవడం తొందరమ్మ ఎప్పుడూ చూడలేదు. "మేడమ్, ఇప్పుడు తాతగారి మాట వేయండి."

గొంతు మోగింది. బొమ్మ పడింది. నాలుగు వాక్యాలు నాలుగు నల్లటి గుంపులుగా ఉన్నాయి. వాటి మధ్య ఎక్కడా ఊపిరి మసక లేదు.

తొందరమ్మ తెర మీదికి వంగి మొదటినుంచి మళ్ళీ చూసింది. ఊపిరాడక చనిపోతున్న మనిషి. ఇన్‌హేలర్ పనిచేయక కొట్టుకుంటున్న మనిషి. నాలుగు వాక్యాల్లో ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు.

"మనకు వినపడనిది ఇదే," అన్నారు నిదానంగారు మెల్లగా. "ఇవి ఆయన మాటలే. కానీ ఆరోజు అన్నవి కావు. పుస్తకాల్లోంచి ఏరి తెచ్చి కుట్టినవి. పుస్తకాల్లో ఊపిరి ఉండదు కదా, ముందే తీసేస్తారు. అందుకే 'తల్లీ' అన్న పిలుపు దొరకలేదు, 'పంపు' దొరకలేదు. కథల్లో దొరికేవి కోడలు, మందు, చావు."

"ఎంత పాపిష్టి పని!" అంది మేడమ్. ఆవిడ మౌసుతో బొమ్మను పైకి జరిపింది. "ఆయన గొంతుతోనే... ఆగండి, ఇంకొకటుంది. బొమ్మ పైఅంచున, మొదటినుంచి చివరిదాకా, వెంట్రుకలాంటి గీత. ఇది మనిషిది కాదు. ఏదో పరికరం. నాకు వినపడదు, నా వయసుకు చెవి అంత ఎత్తు అందుకోలేదు."

తొందరమ్మ హెడ్‌ఫోన్స్ లాక్కుని పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"దోమ సార్! అదే దోమ!"

చిన్న గదినుంచి తెచ్చిన నిశ్శబ్దాన్ని మేడమ్ దానికింద వేసి చూపించింది. అదే ఎత్తున అదే గీత. కుట్టిన మాటలను ఆ గదిలో స్పీకరులో పెట్టి, చనిపోయిన మనిషి ఫోనులోకే ఎవరో రికార్డు చేసి, దాన్నుంచే కొడుకుకు పంపారు.

*

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోలో అందరూ చేరారు. కోడలు గోడ పక్కన నిలబడింది. చేతిలో ఒక గుడ్డసంచీ, అందులో జత బట్టలు. కళ్ళద్దాల దుకాణం నడిపే ఆమె భర్త గదిలో ఆ చివర కూర్చున్నాడు. పిచ్చుక, చెవి బాబాయి, ఎస్సై, ల్యాబ్ మేడమ్ ఉన్నారు.

బొమ్మలు చూపించి నిదానంగారు ఊపిరి సంగతి చెప్పారు. 

"అంటే... నాన్న అది అనలేదా?" అన్నాడు కొడుకు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"అనలేదు బాబూ. మీ నాన్న ఆ ఫోనే పట్టుకోలేదు."

ఎస్సై గబుక్కున పిచ్చుక వైపు తిరిగాడు. "కంప్యూటరు నీదేగా?"

"నేనా!" పిచ్చుక వెనక్కి వెళ్ళి గోడకు కొట్టుకుంది. "నేనెందుకు చేస్తానండీ? తాతగారిని నేను..."

"కూర్చోండి ఎస్సైగారూ. తొందర పడటానికి నా దగ్గర ఒక మనిషి ఉంది, చాలు," అన్నారు నిదానంగారు. "ముందు ఒక చిన్న పరీక్ష. అందరూ కళ్ళు మూసుకోండి. మేడమ్ ఒక సన్నటి శబ్దం వేస్తారు. వినపడినప్పుడు చెయ్యెత్తండి, ఆగాక దించండి. వయసు మళ్ళినవాళ్ళకు వినపడదు. నాకూ వినపడదు. ఎత్తకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తొందరమ్మ ఒక్కతే కళ్ళు తెరిచి చూస్తుంది."

మేడమ్ శబ్దం వేసింది. పిచ్చుక చెయ్యి ఠక్కున లేచింది. కోడలి చెయ్యి లేచింది. శబ్దం కాస్త పెంచాక కొడుకు చెయ్యి లేచింది. చెవి బాబాయి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఆగింది. చేతులు దిగాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ ఆ ముగ్గురే.

తరువాత మేడమ్ మౌసు వదిలేసి రెండు చేతులూ కట్టుకుంది. గదిలో ఏ శబ్దమూ లేదు. ఎవరి చెయ్యీ కదలలేదు.

అప్పుడు చెవి బాబాయి, కళ్ళు గట్టిగా మూసుకుని, నిండు ధీమాతో చెయ్యెత్తాడు.

తొందరమ్మకు ఆ క్షణాన పరిగెత్తి వెళ్ళి ఆ చెయ్యి దించేయాలనిపించింది.

"కళ్ళు తెరవండి," అన్నారు నిదానంగారు. గొంతులో గెలుపు లేదు. "ఇప్పుడు ఏ శబ్దమూ లేదు బాబాయ్."

ఆయన కళ్ళు తెరిచాడు. అందరి చేతులూ కిందున్నాయి. తన చెయ్యి ఒక్కటే గాలిలో ఉంది. దాన్ని దించడానికి చాలాసేపు పట్టింది.

"ఆ రికార్డింగులో ఆ ప్లగ్గు కీచు మొదటినుంచి చివరిదాకా ఉంది," అన్నారు నిదానంగారు. "పిచ్చుకే చేసుంటే ముందు దీపం ఆర్పేది. వినపడేవాళ్ళు ఎవరైనా ఆర్పేస్తారు. చేసిన మనిషి గొప్ప పనిమంతుడు. మాటకూ మాటకూ మధ్య అతుకు తెలియకుండా కుట్టాడు. కానీ ఆ కీచు ఆయనకు వినపడలేదు. ఊపిరి లేకపోవడమూ వినపడలేదు, ఎందుకంటే ఊపిరి లేని మాటే ఆయన చెవికి శుభ్రమైన మాట. ఏ పుస్తకంలో ఏ మాట ఎక్కడుందో వెతుక్కోకుండా చెప్పగలిగేవాడు కూడా ఈ గదిలో ఒక్కడే."

"కాదు," అంది పిచ్చుక. "కాదు సార్. బాబాయి కాదు. మీకు తెలీదు." ఆమె ఆయన దగ్గరకు వెళ్ళింది. "చెప్పు బాబాయ్. కాదని చెప్పు."

చెవి బాబాయి ఆమె వైపు చూడలేదు. చొక్కా జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్‌హేలర్. ఎస్సై దాన్ని ఊపాడు. లోపల మందు నిండుగా కదిలింది.

కోడలి నోటినుంచి చిన్న కేక వచ్చింది. "అది నేను పెట్టిందే."

"దోమ గురించి మాట్లాడాడు ఆరోజు," అన్నాడు ఆయన. పాఠం అప్పజెబుతున్నట్టుంది ఆ గొంతు. "నేను సరిచేసిన పుస్తకాల్లోనే ఆ చప్పుడుందట. మెత్తగానే చెప్పాడు. నీ చెవి అలిసిపోయిందిరా, ఇక ఆ పిల్లను విననీ, నువ్వు పక్కన కూర్చో అన్నాడు. నా చెవి! నాకు వేరే పేరు కూడా లేదు ఈ ఊళ్ళో. నేను అరిచాను. ఆయాసం వచ్చింది ఆయనకు. అద్దంలోంచి సంచీ వైపు చూపించాడు. లేచాను. సొరుగులో ఆయన అయిపోయినవి దాచుకునేవాడు, పారేయడానికి మనసొప్పక. అది చేతికొచ్చింది, అదే ఇచ్చాను. అంతవరకు పొరపాటే అనుకోండి."

"తరువాత?" అన్నాడు ఎస్సై.

"నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. నిండుది సంచీలో ఉందని నాకు తెలుసు. వాళ్ళ కోడలు ఎప్పుడూ మరిచిపోదు. ఇటొచ్చి తలుపు మూసి కూర్చున్నాను. సంచీ నా ఒళ్ళోనే ఉంది. లేద్దామనుకున్నాను. లోపలి చప్పుడు ఇటు వినిపించే మీట ఉంటుంది కదా... అది ఆపేశాను."

కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పిచ్చుక నేల మీద కూలబడింది. ఇన్నేళ్ళూ తనకు పని నేర్పిన మనిషి మొహంలోకి చూస్తోంది గానీ, అక్కడ ఎవరున్నారో ఆమెకు తెలియడం లేదు. తొందరమ్మ ఎన్నో నేరాల గురించి చదివింది. ఇలాంటిది ఎక్కడా చదవలేదు. కోపంతో కొట్టింది కాదు, డబ్బుకోసం చేసింది కాదు. ఒక మనిషి ఒళ్ళో ఇంకో మనిషి ప్రాణం జిప్పు వేసి ఉంది. ఆ జిప్పు తీయలేదు, అంతే.

"మా అమ్మాయి మీద ఎందుకు పెట్టావయ్యా?" అడిగారు నిదానంగారు. ఆ 'మా' అనే మాట ఆయన నోట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

"ఎవరో ఒకరి మీద పడాలి కదా," అన్నాడు చెవి బాబాయి. సమాధానం అంతకంటే లేదని ఆయనకూ అప్పుడే అర్థమైనట్టు, కుర్చీలో చిన్నవాడైపోయాడు.

*

ఎస్సై ఆయన్ని తీసుకెళ్ళాక మెట్ల మీద కాసేపు అడుగుల చప్పుడు వినిపించింది. కొడుకు లేచి భార్య దగ్గరకు వచ్చాడు. ఏమనాలో తెలియక ఆమె చేతిలో గుడ్డసంచీ అందుకోబోయాడు.

ఆమె ఇవ్వలేదు.

"నాన్న గొంతు కదా అని... నేను..."

"గొంతు ఆయనదే. నేనూ అదే అనుకున్నాను," అంది ఆమె. "కానీ మీరు నన్ను ఒక్కసారి అడగలేదు. పెట్టావా లేదా అని అడిగితే చెప్పేదాన్నిగా. మా అమ్మకు కూడా పంపించారు."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. తెలుసు."

"ముందు మా అమ్మకు మీరే ఫోన్ చేయండి. చుట్టాలందరికీ చేయండి. ఒక్కొక్కరికీ మీ గొంతుతో చెప్పండి. అయ్యాక ఇంటికి వస్తాను."

అతను తల ఊపి బయటి వరండాలోకి వెళ్ళాడు. కాసేపటికి అతని మాటలు వినిపించాయి. మధ్యలో ఏడుపు అడ్డుపడి ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ.

కోడలు మెట్ల దగ్గర తొందరమ్మ పక్కన కూర్చుంది. "నువ్వు కేసులన్నీ రాసి పెడతావట కదమ్మా. మీ సారు చెప్పారు."

"రాస్తానక్కా."

"అయితే ఒకటి రాయి. రేపటినుంచి అందరూ ఆయన్ని గాజుగదిలో చచ్చిపోయిన తాతగారనే అంటారు. నాకది వద్దు. పెళ్ళయ్యేనాటికి నా చదువు సగంలో ఆగింది. పరీక్ష కట్టాను గానీ, ఇంటెడు చాకిరీతో పుస్తకం పట్టుకునే వీలేదీ? ఆయన వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని నా పాఠాలు పైకి చదివేవారు. చరిత్రలో యుద్ధం వస్తే గరిటె లాక్కుని కత్తిలా తిప్పేవారు. నేను నవ్వితే, నవ్వు తరువాత, ముందు ఏ సంవత్సరమో చెప్పు అనేవారు. అలా పాసయ్యాను. పుస్తకాలు చదివి వినిపించడం ఆయనకు అక్కడే అలవాటైంది. ఆ గొంతును మొదట విన్నది నేనమ్మా."

తొందరమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టుగానే రాసింది, ఆమె అడిగింది గనుక. ఇది చదివిన మీరు నేరాన్నీ, నేరం చేసినవాడినీ మరిచిపోయినా ఫరవాలేదు. ఆ పెద్దాయన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంటికొచ్చిన కోడలు పరీక్ష పాసవ్వాలని వంటింటి గుమ్మంలో కూర్చుని, గరిటె తిప్పుతూ, పాఠం చదివి వినిపించిన మనిషిగా.